గురక ఆగిన ఎండాకాలం

మా ఆయన తాగి బస్సును చేలోకి దించాడన్న మాట మా వీధికి వచ్చేసరికి నేను గడప ముందు చాప పరుచుకుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఉగాది వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు. ఆ రోజుల్లో హిందూపురంలో ఏ వాకిట్లో చూసినా చింతపండే. మా ఇంటికైతే ఏటా మా అత్త ఓబులమ్మ పుట్టినూరు నుంచి, తనకల్లు పక్క నుంచి మూటలు వస్తాయి. ఎదురింటామె ఫోను చేతిలో పట్టుకుని వచ్చి నా ముందు నిలబడి, "ఏం లేదులే సుధక్కా, ఎవురికీ ఏం కాలేదంట" అంది. ఏం కాలేదని ముందే చెప్పిందంటే ఏదో అయిందనే.

ఫోనులో ఒక ఫోటో. పెనుకొండ దాటాక హైవే పక్కన, ముందు చక్రాలు రెండూ దున్నిన చేలో దిగబడిన బస్సు. కింద ఎవరో రాశారు, డ్రైవరు ఫుల్లుగా తాగి ఉన్నాడని.

మా ఆయన ఈశ్వరప్ప పుట్టి బుద్ధెరిగి తాగింది టీ, మజ్జిగ. అంతలో ఆ బస్సు కండక్టరు ఉలిగమ్మ దగ్గర నుంచే నాకు ఫోన్ వచ్చింది.

"అక్కా, అన్న బాగుండాడు. ఒక్కరికి గీత కూడా పడలేదు. బస్సు ఎడమకు పోతాంటే చూసి అన్నా అని అరిసినా. పలకలే. పోయి భుజం పట్టుకుని ఊపితే అప్పుడు కండ్లు తెరిసి బ్రేకు తొక్కినాడు. నిద్రపోయినాడక్కా, తాగలేదు. నోట్లో గొట్టం పెట్టి ఊదించినారు, ఏమీ రాలేదు. ఎవురడిగినా నేను చెప్తా."

పొద్దు వాలాక ఆయన ఇంటికి వచ్చాడు. ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా అత్త నీళ్ళ చెంబు ఇచ్చి, కొడుకు మొహంలోకి చూస్తూ, "ఏమైందిరా?" అంది.

"ఒక్క రెప్ప వాలిందిమా. అంతే."

ఆ రెప్ప ఆ ఒక్క రోజుది కాదని నాకు తెలుసు. మంగలి కుర్చీలో నిద్రపోయేవాడు. మా అమ్మాయి అశ్విని చదువుకునే రోజుల్లో కాలేజీ ఫంక్షనుకు పోతే ముందు వరసలో కూర్చుని, మైకులో పాట మోగుతుండగా గురక పెట్టాడు. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, ఊరుబిండి పచ్చడిలో అద్దుకోవడానికి వంగినవాడు వంగినట్టే తూగిన రోజులున్నాయి. రాత్రిపూట ఆయన గురకకు పక్క ఇంటి కుక్క మొరిగేది. నేను ఏడాది కిందటే హాల్లో మా అత్త పక్కన పడక వేసుకున్నాను. ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన మీసం దువ్వుకుని, "నిద్రంటే నాదప్పా. తల దిండుకు తగిలితే సాలు" అనేవాడు.

డిపోలో న్యాయంగానే చూశారు. తాగలేదని తేలింది. కానీ స్టీరింగు మీద నిద్రపోయిన మనిషి చేతికి బస్సు నిండా ప్రాణాలు మళ్ళీ ఎలా అప్పగిస్తారు? డాక్టరు సరేనని రాసిచ్చేదాకా గ్యారేజీలో పని చూసుకోమన్నారు. వయసంతా హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే రోడ్డు మీదే గడిపిన మనిషి, ఇప్పుడు తోటివాళ్ళ బస్సుల టైర్లకు గాలి చూస్తూ నిలబడ్డాడు. టీ కొట్టు ముందు నుంచి రావడం మానేసి సందులో నుంచి ఇంటికి వచ్చేవాడు.

మా అశ్వినికి బెంగుళూరులో ఉద్యోగం. శనివారం రైలుకు వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని మెల్లగా మాట కదిలించింది.

"నాయనా, మా ఆఫీసులో ఒకాయనకు ఇట్లనే ఉండె. నిద్రలో ఊపిరి నిలిచిపోతుందంట. దానికి డాక్టర్లుండారు, మిషన్లుండాయి."

"ఊపిరి నిలిచిపోతే సచ్చిపోవల్ల గదమ్మే. నేను ఈడనే ఉండా గదా!" అని నవ్వేసి, ఆ నవ్వులోనే కునుకు తీశాడు.

పిల్ల తిరిగి బెంగుళూరు పోతూ నాకొక పని చెప్పింది. మరునాడు పొద్దున్నే వాకిలి ఊడ్వడానికి లేచినప్పుడు, నా ఫోనులో రికార్డింగు పెట్టి ఆయన దిండు పక్కన ఉంచాను. కిటికీ తెరిచే ఉంది. ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి వచ్చేదాకా అది అక్కడే ఉంది.

మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చాడు. తిని గోడకు ఆనుకున్నాడు. మా అత్తా నేనూ చింతపండు ముందు కూర్చున్నాం. "ఇదో, ఇది రోంత ఇను" అని ఫోను నడుమ పెట్టాను.

గురక మొదలైంది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ నాయన గురక కూడా ఇదే మాదిరి. రామగిరి బంగారు గనుల్లో మిషన్లు ఆడినట్ల ఉండేది." ఆయనా నవ్వాడు. గురక పెరిగి పెరిగి, తాడు తెగినట్టు టక్కున ఆగింది.

ఆ తరువాత నా చీపురు చప్పుడు వినిపించింది. దూరంగా పాల బండి పోయింది. ఫ్యాను తిరుగుతోంది. మళ్ళీ నా చీపురు. ఆయన మాత్రం ఆ ఫోనులో ఎక్కడా లేడు.

మా అత్త చేతిలోని చింతపండు చేతిలోనే ఉండిపోయింది. "ఇంగా లేదేమే?" అంది నాతో.

"ఇదేం పెద్ద కత" అని ఆయన రొమ్ము నిండా గాలి పీల్చి నోరు బిగించాడు, ఫోనులో ఉన్న తనతో పందెం కాసినట్టు. చూస్తుండగానే మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. ఇక పట్టలేక హా అని వదిలేసి రొప్పసాగాడు. ఫోనులో ఇంకా చీపురే ఆడుతోంది. ఆయన రొప్పు తగ్గే వేళకు, బావిలో మునిగినవాడు పైకి తేలి గాలి మింగినట్టు పెద్ద చప్పుడుతో ఫోనులోని మనిషి ఊపిరి తీసుకున్నాడు.

మా అత్త లేచి వచ్చి చింతపండు అంటిన చేతినే కొడుకు రొమ్ము మీద ఆనించింది. ఆయన ఆ చేతిని తీయలేదు. కాసేపటికి కాళ్ళ ముందున్న చింతపండు ఒకటి తీసుకుని, దాని గింజలన్నీ తీసి, పండును బుట్టలో వేశాడు.

"ఆ డాక్టరు యాడ ఉంటాడంట?" అని అడిగాడు.

డాక్టరు బెంగుళూరులో. సగం కన్నడం, సగం తెలుగుగా మాట్లాడే పెద్దమనిషి. ఆస్పత్రిలో పడుకోబెట్టలేదు. గడియారమంత పరికరం మణికట్టుకు, తొడుగు లాంటిది వేలికి పెట్టి, ఇంట్లోనే ఒక రాత్రి నిద్రపొమ్మని పంపాడు. మరుసటి వారం పోతే తెర మీద గీతలు చూపించి చెప్పాడు. వయసు మీద పడి, ఒళ్ళు పెరిగి, నిద్రలో గొంతులోని మెత్తటి కండ దారికి అడ్డం పడుతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. రాత్రి పొడుగునా లేస్తూనే ఉంటాడు, తనకు మాత్రం తెలియదు. రక్తపోటు పెరగడానికి అదీ ఒక కారణం.

"అంటే ఇన్నేండ్లూ నేను నిద్రే పోలేదా సార్?" అన్నాడు మా ఆయన. నీ చేను నీది కాదు అని చెబితే రైతు అడిగినట్టు అడిగాడు.

"పోలేదు. ఇప్పుడు పోదురు గాని" అన్నాడు డాక్టరు. రోజూ మిషను పెట్టుకోవాలి, సాయంత్రం నడవాలి, నడుము చుట్టూ ఉన్నది తగ్గాలి. ఏ రాత్రి ఎలా నిద్రపోయాడో ఆ లెక్కలు మిషనే నేరుగా డాక్టరుకు పంపుతుంది. అవి బాగుంటే డ్యూటీకి సరేనని రాసిస్తానన్నాడు.

మిషను టిఫిను డబ్బా అంత ఉంది. దాని నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు, తల చుట్టూ పట్టీలు. రాత్రంతా అది మెల్లగా గాలి నెడుతూ ఉంటే గొంతులో దారి మూసుకోదు. మా అత్త దాన్ని చూసి గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ సాయంత్రమే ఎవరికో ఫోను చేసి, "నా కొడుక్కు ఊపిరి ఆడదంట, మిషను పెట్టినారు" అని చెప్పింది.

రెండో పొద్దుకు బంధువులు దిగారు. బత్తాయిలు, రొట్టెలు, హార్లిక్స్ సీసాలు. ఆయన మంచం మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటుంటే, ఒకామె కాళ్ళ దగ్గర కూర్చుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది. ఇంకొకామె నన్ను వంటింట్లోకి పిలిచి, "ఎన్ని దినాలని చెప్పినారు సుధా?" అని గుసగుసగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మా అత్త విననే వింది. తన కొడుక్కు దినాలు లెక్కేసిన మాట ఆమెకు ఎక్కడ తగిలిందో గాని, విసవిసా గదిలోకి పోయి ఆ మాస్కు తెచ్చింది. తలకొప్పు మీదుగా పట్టీలు లాక్కుని ముక్కుకు తగిలించుకుని, మిషను మీట నొక్కమంది. నొక్కాను. గాలి రాగానే కళ్ళు పెద్దవి చేసింది. తరువాత మంచం మీద దర్జాగా కూర్చుంది.

"సూసినారా? నేను సచ్చినానా?" అంది మాస్కులో నుంచే. గొంతు డప్పులో నుంచి వచ్చినట్టుంది. "ఇది సచ్చేటోళ్ళకు పెట్టేది కాదు. నిద్రలేని మొగోళ్ళకు పెట్టేది. ఇంగ లేసి బువ్వ తినండి."

ఏడుస్తున్నామె కూడా పగలబడి నవ్వింది. తెచ్చిన బత్తాయిలు అందరం కలిసి తిన్నాం.

అయితే మాస్కు పెట్టుకోవడం మా అత్తకు కుదిరినంత సులువుగా ఆయనకు కుదరలేదు. మొదటి రాత్రులు కాసేపు ఉంచుకుని లాగి పారేశాడు. ముక్కు ఎండిపోయింది, కడుపులో గాలి నిండింది, చెంపల మీద పట్టీల గీతలు పడ్డాయి. కరెంటు పోతే మిషను ఆగి ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. దానికి ఇన్వర్టరు పెట్టించాం. ఒకరోజు మిషనును అట్టపెట్టెలో పెట్టేసి, "నాకొద్దే ఇది. గ్యారేజీలోనే పడుంటా" అన్నాడు.

నేను ఆయనతో వాదించలేదు, అశ్వినికి చెప్పాను. అది డాక్టరుతో మాట్లాడి, ఆ సాయంత్రమే తండ్రికి ఫోన్ చేసింది.

"నాయనా, గాలి జోరు తగ్గించినారు. ఈ పొద్దు పెట్టి చూడు."

"ఎవురు తగ్గించినారు? ఈడికెవురూ రాలేదే!"

"డాక్టరే. బెంగుళూరు నుంచే."

ఆయన అట్టపెట్టె వైపు చూశాడు. "ఆడ కూసోని ఈడ నా ముక్కులో గాలి తగ్గించినాడా!" అని, మిషనును మళ్ళీ బయటికి తీశాడు. మనిషి ముచ్చటపడితే చాలు, సగం పని అయినట్టే.

అప్పటి నుంచి ఊపిరి ఆగడం తగ్గింది గాని, పొద్దున్నే ఫోనులో మిషను లెక్కలు తెరిస్తే ఒక ఎర్ర గుర్తు మాత్రం పోలేదు. గాలి కారిపోతోందని దాని అర్థం. పట్టీలు బిగించాం, మాస్కు మార్చాం. పోలేదు. చివరికి అశ్విని వీడియో కాల్‌లో తండ్రి మొహం చూసి, నసుగుతూ, "నాయనా... మీసం సందుల్లో నుంచి పోతాందేమో" అంది.

ఆయన మీసం అంటే ఆయన మీసం. రెండు వైపులా మెలితిరిగి, స్టీరింగు వెనక కూర్చుంటే అద్దంలో మొదట కనబడేది అదే. ధర్మవరం బస్టాండులో ఆయన్ను మీసాల డ్రైవరనే పిలుస్తారు. ఆ మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

నాలుగు రోజులు పోయాక, ఒక సాయంత్రం గ్యారేజీ నుంచి వచ్చినాయన గుమ్మంలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. తీస్తే, పెదవి మీద తెల్లటి చర్మం తప్ప ఏమీ లేదు. నేను పెళ్ళి చేసుకున్న మనిషి ఎవరో, ఈయన ఎవరో అనిపించింది.

మా అత్త మాత్రం గుండె బాదుకుంది. "ఒరే! అమ్మో నాయనో పోతే గదరా మీసం తీసేది! నేనింకా బతికే ఉండా గదరా!"

"నువ్వుండావు లేమా. నేనుండల్ల గదా" అన్నాడు ఆయన. చెప్పి, ఏమీ జరగనట్టు కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆ రాత్రి మాస్కు తానే తడిగుడ్డతో తుడిచి కొడుకు చేతికిచ్చింది.

మరునాడు నేను లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. మిషను ఆపి ఉంది. వాకిట్లోకి పరుగెత్తాను. వీధి చివర, టీ కొట్టు ముందు నుంచే, చేతిలో పొట్లంతో నడిచి వస్తున్నాడు. ముందుకు చూసి, తల ఎత్తి. ఆ నడక చూసి ఎన్నేళ్ళయిందో. దగ్గరికి వచ్చి ఉగ్గాని పొట్లం నా చేతిలో పెట్టాడు.

"లేసేసరికి తెల్లారుతాండె. తల బరువు లేదు సుధా. కండ్లల్లో ఇసక లేదు. తెల్లారేది ఇట్లుంటుందని మరిసేపోయినా" అన్నాడు. ఇంట్లోకి నడుస్తూ, "పద, ఉగ్గాని సల్లారిపోతాది" అన్నాడు. నేను ఆ పొట్లం పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను. ఫోను తెరిచి చూస్తే ఎర్ర గుర్తు లేదు. పచ్చటి గుర్తు మొదటిసారి వెలిగింది.

ఆ తరువాత ఆయనకు అదో పోటీ అయింది. పొద్దున్నే ముందు ఫోను చూసి, పచ్చ గుర్తు కనబడితే, పరీక్ష పాసైన పిల్లవాడిలా మా అత్తకు చూపించేవాడు. సాయంత్రం స్టేషను దాకా నడిచేవాడు. ఖాకీ ప్యాంటు నడుము దగ్గర నేను రెండుసార్లు కుట్టు బిగించాను. మామిడికాయలు వచ్చాయి, చింతపండు జాడీల్లోకి చేరింది, రక్తపోటు దిగింది. నేను హాల్లో నుంచి నా దిండు తీసుకుని మా గదిలోకి పోయాను. మిషను చప్పుడు చెవి పెట్టి వింటే తప్ప తెలియదు. ఆ చప్పుడు పక్కన నాకూ నిద్ర ఎంత కమ్మగా పట్టిందో చెప్పలేను.

తొలి వానలకు ముందు డాక్టరు రాసిచ్చాడు. డిపో తరఫున పరీక్ష చేసినాయన కూడా మిషను పంపిన లెక్కలన్నీ చూసి, మా ఆయనతో చేయి కలిపాడు. రాత్రి మిషను మానకూడదన్న షరతుతో డ్యూటీ ఇచ్చారు. పాత రూటే. ధర్మవరం బస్సు.

మొదటి రోజు మా అత్త పట్టు చీర కట్టుకుని, నేనూ వస్తానంది. ఇద్దరం ముందు సీట్లో కూర్చున్నాం. ఉలిగమ్మ మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుని, గట్టిగా విజిల్ వేసింది. ఎక్కేవాళ్ళలో ఒకరిద్దరు డ్రైవరును చూసి ఆగారు. "ఈయప్పే గదా ఆ పొద్దు..." అని ఒకాయన అనడం వినబడింది. మా ఆయనకూ వినబడే ఉంటుంది. అద్దం సరిచేసుకుని, గేరు వేశాడు.

పెనుకొండ దాకా నేను రోడ్డు చూడలేదు, ఆయన మెడనే చూశాను. నిటారుగా ఉంది. పెనుకొండ దాటి ఆ చేను వచ్చినప్పుడు మా అత్త నా మణికట్టు పట్టుకుంది. చేలో ఎవరో చెనిక్కాయ వేయడానికి దుక్కి దున్నుతున్నారు. బస్సు ఒకే వేగంతో, గీత గీసినట్టు సాగిపోయింది. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. "ఈశ్వరప్పన్నా, నువ్వు మళ్ళా వచ్చినావా!" అని చెన్నేకొత్తపల్లిలో ఎక్కిన ముసలాయన ఒకడు నవ్వాడు. మా ఆయన చేయెత్తి దండం పెట్టాడు.

ధర్మవరం బస్టాండులో తోటి డ్రైవర్లు చుట్టుముట్టారు. టీలు తెచ్చారు, బోడిమూతి అని ఎగతాళి చేశారు. వాళ్ళలో చెన్నకేశవులు అనే ఆయన మాత్రం మిగతావాళ్ళు కదిలేదాకా ఆగి, మా ఆయన భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"అన్నా, మా ఇంట్లో కూడా నన్ను వరండాలో పండుకోబెట్టినారు. మొన్న సిగ్నలు కాడ నాకూ కునుకు పడింది. ఎవురికీ చెప్పుకోలే. ఆ డాక్టరు కాడికి ఒకతూరి పోదామా?"

"ఒకతూరి ఏందప్పా. ఈ ఆదివారమే పోదాం. నేనే వస్తా నీతో" అన్నాడు మా ఆయన. ఫోను తీసి ఆ పచ్చ గుర్తులన్నీ ఆయనకు చూపిస్తుంటే, వెళ్ళిపోయిన ఇద్దరు డ్రైవర్లు టీ గ్లాసులతో మళ్ళీ వెనక్కి వచ్చారు.

ఉలిగమ్మ విజిల్ వేసింది. బస్సు హిందూపురం వైపు బయలుదేరుతుంటే, చంకలో బిడ్డతో ఒక అమ్మాయి ఎక్కి మా అత్త పక్కన కూలబడింది. పట్టు దారం చుట్టే పనిలో రాత్రంతా మేలుకున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అవ్వా, పెనుకొండ వస్తే రోంత లేపుతావా?" అంది.

మా అత్త ఆ బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు నిమ్మళంగా పండుకో తల్లీ," అంది. "బస్సు నడిపేది నా కొడుకు."